ఊపిరికి దారి వేసిన దేవదానం

దేవదానం అన్న ఇక లేడన్న వార్త మంగళవారం ఉదయం నేను దుకాణం తలుపు తీస్తుండగా చేరింది. చెప్పినవాడు టాక్సీ డ్రైవరు మునెప్ప. "గుండె పట్టేసినాదంట. ఆస్పత్రికి పోయేలోపలే అయిపోయినాదప్పా" అన్నాడు. నేను నమ్మలేదు. ఎదుటివాడి మొదటి మాటను సగానికి కోయడం మా దుకాణదారుల ఇళ్లలో ఉగ్గుపాలతో అబ్బే విద్య. ఈ ఒక్క మాటలో మాత్రం తగ్గించడానికి ఏమీ లేకపోయింది.

ఇంటికి పోయి నాయనకు చెప్పాను. ఆయన ముక్కుకున్న ఆక్సిజన్ గొట్టాన్ని సవరించుకొని, "మట్టి చేసేదానికి నేనూ వస్తా" అన్నాడు. రెండడుగులు వేస్తే ఆయాసపడే మనిషి అంత మాట అనగలగడం కూడా దేవదానం పుణ్యమే.

తిరుచానూరు రోడ్డు పక్కన రేకుల షెడ్డులో కార్లకు పాటల పెట్టెలు, దీపాలు, కెమెరాలు బిగించేవాడు దేవదానం. వృత్తిచేత ఆటో ఎలక్ట్రీషియన్, స్వభావంచేత జిజ్ఞాసువు. కొత్త వస్తువు ఏది బిగించాలన్నా ముందు బండిని అడగడం ఆయన సంప్రదాయం. ఇంజను నడుస్తుండగా హెడ్‌లైట్లు, వైపర్లు, ఏసీ, ఉన్నవన్నీ ఒక్కసారిగా వేయించి, బానెట్ మీద అరచెయ్యి ఆనించి, నాడి చూసే వైద్యుడిలా కళ్లు మూసుకునేవాడు.

ఒకసారి మునెప్ప తన టాక్సీకి గుండెలదిరే స్పీకర్లు కావాలని వచ్చాడు.

"వాటికి కరెంటు యాడ నుంచి తెస్తావు?" అన్నాడు దేవదానం.

"బ్యాటరీ ఉండాది గదన్నా."

"బ్యాటరీ కుండ రా. దాంట్లో నీళ్లు పోసేది ఇంజను తిప్పే ఆల్టర్నేటరు. పోసేదానికన్నా తాగేది ఎక్కువైతే కుండ ఏమైతాది?"

"ఎండిపోతాది."

"యాడ ఎండిపోతాది? కొండ దిగేటప్పుడు, మలుపులో, లైట్లు మసకబారి. ముందు బండికి కూడు పెట్టు. తర్వాత పాట పాడిద్దువు."

మునెప్ప అలిగి పోయాడు. మర్నాడు చిన్న స్పీకర్లకు ఒప్పుకొని వచ్చాడు. "బండికి ముందు కూడు, తర్వాత పాట" అన్న మాట అప్పటినుంచి టాక్సీ స్టాండులో సామెతగా స్థిరపడింది.

ఇక మా కథ. నాయన ఊపిరితిత్తులు చెడిపోయి ఆక్సిజన్ యంత్రమే ఆధారమైంది. గాలిలోంచి ప్రాణవాయువును వడగట్టే ఆ పెట్టె గోడ ప్లగ్గును వదలదు, నాయన ఆ పెట్టెను వదలలేడు. జీవితమంతా స్టీలు సామాన్ల దుకాణంలోనే నిలబడి గడిపిన ఆయనకు మిగిలిన కోరిక ఒక్కటే, సూళ్లూరుపేట దాకా పోయి రాకెట్టు లేవడం కళ్లారా చూడాలని. ఒట్టి సిలిండర్లు అంత ప్రయాణానికి చాలవన్నాడు డాక్టరు. నేను చెన్నైలో గీచి గీచి బేరమాడి, బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టరు ఒకటి తెచ్చి, కారులో సిగరెట్టు ముట్టించే సందులో గుచ్చి, యంత్రాన్ని దానికి తగిలించాను. అది ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. ఫ్యూజు పోయింది.

దేవదానం చూసి, "ఆ సందు బీడీ సిగరెట్టుకు పెట్టింది అప్పా. మీ నాయన ఊపిరికి కాదు" అన్నాడు.

రెండో బ్యాటరీ పెట్టాలన్నాడు. దాని పక్కనే ఫ్యూజు ఉండాలన్నాడు. ఇన్వర్టరుకు పోయే తీగ, తిరిగివచ్చే తీగ రెండూ బొటనవేలంత లావుండాలన్నాడు. నాలోని దుకాణదారుడు నిద్ర లేచాడు.

"పోయేది లావుగా వెయ్యన్నా. వచ్చేది సన్నంది చాలు. తిరుగు లారీకి సగం బాడుగే గదా."

ఇంకొకరైతే నవ్వేవారు. ఆయన మాత్రం తల గోక్కొని, "ఈ మాట ఇంతవరకు ఎవురూ అడగలేదే. సూద్దాం" అని నిజంగానే సన్న తీగ కట్టి, యంత్రం నడిపించాడు. కాసేపటికి నా వేలు పట్టుకొని దాని మీద పెట్టాడు. తీగ చురుక్కుమని కాలింది. నా వేలు నాకన్నా ముందే ఒప్పుకొంది.

"కరెంటు సరుకు దించేసి ఖాళీగా రాదప్పా" అన్నాడు. "తిరుమల కొండకు పోయిన జనం మాదిరి. ఎంతమంది ఎక్కినారో అంతమందీ దిగాల్సిందే. గుండ్లతో దిగుతారు, అంతే తేడా."

నా బేరాలన్నిటిలోనూ ఇంత సంతోషంగా ఓడిపోయింది అదొక్కటే. చివరికి ముందరి అద్దం కింద బ్యాటరీలో బలం ఎంతుందో చూపే చిన్న మీటరు బిగించి, "అంకె కిందికి పోతే ఇంజను కొంచెం పెంచు. డిక్కీలో సిలిండరు మాత్రం ఉండాల్సిందే. నేను బిగించినదాన్ని నేనే నమ్మను" అన్నాడు. నమ్మకపోవడమే కారణమో, తనకూ చూడాలని ఉందో, ఆ ప్రయాణంలో మా వెంట వచ్చాడు.

సూళ్లూరుపేట దాటాక బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అంకె పడిపోతోందని ఆయన ఏసీ ఆపించి, నాయనకు తువ్వాలుతో విసరసాగాడు. అంతలో దూరాన చెట్ల పైనుంచి నిప్పులు కక్కుతూ రాకెట్టు లేచింది. శబ్దం తీరిగ్గా తర్వాత వచ్చింది. నాయన రెండు చేతులూ జోడించాడు. దేవదానం నోరు తెరుచుకొని చూసి చూసి, "అంత పెద్ద బండికి బ్యాటరీ యాడ పెట్టింటారు పెద్దాయనా?" అన్నాడు.

"దిగొచ్చినాక పోయి అడుగు" అన్నాడు నాయన.

తిరుపతి చేరేదాకా ఆ బ్యాటరీ జాడ మీద ఇద్దరూ వాదించుకుంటూనే ఉన్నారు. జబ్బుపడ్డాక నాయన ఎవరితోనైనా వాదులాడటం నేను విన్నది ఆ రోజే.

బుధవారం సమాధుల తోట దగ్గర గేటు ఇరుకై కారు లోపలికి పోలేదు. శవపెట్టె మోస్తున్నది దేవదానం చేతిలో బండ్లు బాగుచేయించుకున్న డ్రైవర్లే. మునెప్ప మమ్మల్ని చూసి తోటి డ్రైవర్లతో, "పెద్దాయన దిగలేడు. మనమే ఆడికి పోదాం పాండి" అన్నాడు. పాస్టరు గారు ప్రార్థన పుస్తకం మూసి పక్కకు జరిగారు. వాళ్లు పెట్టెను తెచ్చి కారు కిటికీకి ఆనించి పట్టుకున్నారు. నాయన చెయ్యి బయటికి చాచి చెక్క మీద ఉంచి, "పోయిరాప్పా" అన్నాడు.

మీటరులో అంకె తగ్గుతోంది. నేను యాక్సిలరేటరు కొద్దిగా తొక్కి పట్టుకున్నాను. అందరూ దోసెడు మట్టి వేయడానికి వెళ్లారు గాని నేను దిగలేకపోయాను. ఆ మహనీయుడు వేసిన తీగల మీదుగా నాయన శ్వాస ఒడిదుడుకులు లేకుండా నడుస్తూనే ఉంది. రేపు అది తడబడితే పిలవవలసిన మనిషిని నా కళ్లెదుటే లోపలికి తీసుకుపోయారు.