పాపన్నపేట సుజాత గారు

మా చిన్నప్పుడు మెదక్‌లో ఆదివారం సాయంత్రం నాలుగైతే చాలు... నేను టీవీ ముందు చేరిపోయేదాన్ని.

ఆ టైముకి మా డాడీ టీవీలో కనిపించేవారు. పెద్ద చానెల్ కాదులెండి... మా ఊరి కేబుల్ వాళ్లది. డాడీకి రేడియోలు, మిక్సీలు బాగుచేసే దుకాణం. చర్చిలో అనౌన్స్‌మెంట్లు చదివే ఆయన గొంతు విని కేబుల్ అంకుల్ గేమ్ షో అప్పజెప్పాడు. ఫోన్ చేసి ప్రశ్నకు జవాబు చెబితే స్టీలు టిఫిన్ బాక్సు. ప్రశ్నలు శనివారం మా ఇంట్లోనే తయారయ్యేవి... డాడీ చెబితే నేను రాసేదాన్ని.

మొదట్లో ఫోన్లు వరసగా వచ్చేవి. తర్వాత జనానికి మోజు తీరిపోయింది. ఒక వారమైతే ఒక్కటంటే ఒక్క ఫోన్ రాలేదు. అరగంట సేపు డాడీ ఒక్కరే నవ్వుతూ కూర్చున్నారు... చూడలేక నేను వంటింట్లోకి పారిపోయాను.

ఇంకోసారి ఇలా అయితే ప్రోగ్రాం బంద్ అన్నాడు కేబుల్ అంకుల్. డాడీ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

మళ్లీ ఆదివారం అమ్మ నన్ను ఎస్టీడీ బూత్‌కి లాక్కెళ్లింది. "వేరే పేరు చెప్పు బిడ్డా. గొంతు జర మార్చు. మీ డాడీ గుర్తు పట్టొద్దు" అంది.

బూత్‌లోని టీవీలో డాడీ ఫోన్ వైపే చూస్తున్నారు. నా చేతిలో రిసీవర్ చెమటకు జారిపోతోంది.

"హలో... ఎవరమ్మా, ఎక్కడ్నుంచి మాట్లాడుతుండ్రు?"

"సుజాతను సార్... పాపన్నపేట కెళ్లి."

అనేశాక గుర్తొచ్చింది. మా కేబుల్ వైరు ఊరు దాటి పోదు! పాపన్నపేటలో డాడీ ఎవరికీ కనిపించరు. అమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

డాడీ రిసీవర్‌ను చెవికి ఇంకాస్త దగ్గరగా పెట్టుకున్నారు. "అబ్బో... గంత దూరంల గూడ మన ప్రోగ్రాం చూస్తుండ్రా సుజాత గారూ! మస్తు సంతోషం" అన్నారు.

ప్రశ్న నేను రాసిందే. కావాలనే తప్పు చెప్పాను... ఆ బాక్సు మా ఇంటికే వస్తే పరువేం కావాలి?

ఇంటికొచ్చి డాడీ కడుపునిండా అన్నం తిన్నారు. నేను మాత్రం తలెత్తలేదు. దొరికిపోయానేమోనని వారమంతా ఒకటే భయం. తర్వాతి ఆదివారం ఆయన నేరుగా కెమెరాలోకి చూసి... "పాపన్నపేట సుజాత గారు ఈ వారం గూడ ఫోన్ చేస్తరని చూస్తున్న" అన్నారు. నాకు ఏడుపొచ్చేసింది. చెప్పులేసుకుని బూత్‌కి పరిగెత్తాను.

అలా ఎన్ని వారాలు సుజాతనయ్యానో... ఇంటింటికీ డిష్‌లు వచ్చాక ఆ ప్రోగ్రాం ఆగిపోయింది. డాడీ పోయేదాకా మేమిద్దరం ఆ మాట ఎత్తనేలేదు.

ఇప్పుడు అందరి చేతుల్లో ఫోనే. అయినా టీవీలో యాంకర్ "హలో, ఎవరు మాట్లాడుతున్నారు?" అంటే నా అరచేతులకు చెమట పడుతుంది... ఆ లైన్లో ఎవరి కూతురుందో అని.

మీ ఇళ్లలోనూ ఇలాంటి సుజాతలుంటే చెప్పండి... అసలు పేరు అక్కర్లేదు.