సీగల్స్‌ను పిలిచే జేవియర్

“నువ్వు మేత వెయ్యకపోతే ఆ పిట్టలు పస్తులుంటాయా ఏంటయ్యా?”

ఫిల్మ్ నగర్ ఆఫీసులో నిర్మాత చలపతిరావు అడిగిన ఈ మాటకి జేవియర్ నొచ్చుకోలేదు. “పస్తులుండవండీ. మీ కెమెరా ముందుకి రావంతే” అన్నాడు. పని దొరికింది.

జేవియర్‌ది కాకినాడ పక్కన ఉప్పాడ. హీరో అవుదామని వచ్చి, కృష్ణానగర్‌లో గది కిరాయికి తీసుకుని, గుంపులో నిలబడే వేషాలు వేశాడు. ఒక సముద్రం షూటింగులో అన్నంలోకని తెచ్చుకున్న నెత్తళ్ళనే చిన్న ఎండు చేపలు సరదాగా గాల్లోకి విసిరితే, సీగల్స్ మంద దిగి హీరో చుట్టూ తిరిగింది. ఆ రోజునుంచి జేవియర్ హీరో ఆశ వదిలేశాడు. ఎవరికి సీగల్స్ కావాలన్నా అతనికే ఫోన్. ఆ పిట్టలు మన తీరానికి వచ్చేది చలికాలంలోనే కాబట్టి అతని సంపాదన కూడా ఆ నాలుగు నెలలే. మిగతా రోజుల్లో సెట్లో గొడుగు పడతాడు, జనరేటర్ వ్యాన్‌కి కాపలా పడుకుంటాడు, శవం వేషం కూడా వేస్తాడు.

సీగల్ నెత్తళ్ళు తప్ప ముట్టదని, అవి కూడా ఉప్పాడలో తన మేనత్త ఎండబెట్టినవే కావాలని అతను ఫిల్మ్ నగర్ అంతా చెప్పుకున్నాడు. మొదట్లో బేరం కోసం చెప్పాడు. చెప్పగా చెప్పగా తనే నమ్మేశాడు.

చలపతిరావు సినిమా దర్శకుడికి సీగల్ అంటే స్వేచ్ఛ. సినిమావాళ్ళకి ప్రతి పిట్టా దేనికో ఒకదానికి గుర్తే. పాపం, సీగల్‌కి ఆ సంగతి తెలియదు. చేపల పేగుల కోసం పడవ వెంట పడుతుంది, చెత్తకుప్ప కెలుకుతుంది, పక్కదాని నోట్లోది లాక్కుంటుంది.

కాకినాడ ఒడ్డున షాట్ సిద్ధమైంది. హీరో చేతులు చాపి నిలబడ్డాడు. జేవియర్ నెత్తళ్ళు విసిరాడు. ఒక్క పిట్టా రాలేదు. దూరంగా ఒక మరబోటు చేపల చెత్త నీళ్ళలో పారబోస్తోంది. మంద మొత్తం దాని వెనకే ఉంది.

అసిస్టెంట్ డైరెక్టర్ స్ఫూర్తి పరుగెత్తుకొచ్చింది. వెంగళరావు నగర్ పిల్ల. “ఏందన్నా గిది? హీరో గారు గరమైతున్నరు.”

“వస్తాయమ్మా, కాస్త ఆగు.”

“ఎప్పుడొస్తయి, ప్యాకప్ అయినంకనా?”

బోటు రేవులోకి వెళ్ళిపోయింది. పిట్టలు ఒడ్డుకి తిరిగొచ్చాయి, కానీ నెత్తళ్ళ మీదికి కాదు. నేరుగా టిఫిన్ బల్ల మీదికి. ఒకటి వడ ఎత్తుకుపోయింది, ఇంకోటి గాల్లోనే దాన్ని లాగేసుకుంది, మిగతావి ఉప్మా గిన్నె మీద పడ్డాయి. హీరోని చెయ్యి పట్టుకుని అక్కడికే లాక్కెళ్ళి, గిన్నె కనపడకుండా కెమెరా పెట్టారు. “స్వేచ్ఛ అంటే ఇదీ!” అని దర్శకుడు అరిచాడు.

“అన్నా, నీ నెత్తళ్ళ కంటే మా వడలే కిరాక్ ఉన్నయే!” అంది స్ఫూర్తి. యూనిట్ అంతా పగలబడి నవ్వింది. జేవియర్ కూడా నవ్వుతూనే మిగిలిన నెత్తళ్ళు సంచిలో వేసుకున్నాడు. రేపటినుంచి ఏ కంపెనీ అయినా రెండు ప్లేట్ల వడలు పెట్టుకుంటే చాలు. ఇక అతనితో పనేముంది?

మర్నాడు పిట్టలు యూనిట్ కంటే ముందే వచ్చి కూర్చున్నాయి. దోసె చేతిలో ఉండగానే పోతోంది. హీరోయిన్ క్యారవాన్ దిగనంది. లైట్‌మెన్ లారీ కింద కూర్చుని తిన్నారు. మధ్యాహ్నానికి జూబ్లీహిల్స్ నుంచి చలపతిరావు ఫోన్ చేశాడు.

“జేవియర్, వాటిని తరమడానికి ఎంత తీసుకుంటావ్?”

జేవియర్ సముద్రం వైపు చూశాడు. “పిలవడానికి తీసుకున్నదానికి డబుల్ అండీ.”

“అంతా? ఎందుకయ్యా?”

“రమ్మన్నప్పుడు రాకపోవడం వాటికి తెలుసండీ. పొమ్మంటే పోవడమే తెలీదు.”

ఒప్పుకోక చలపతిరావుకి తప్పలేదు. జేవియర్ టిఫిన్ బల్లలకి వలలు కట్టించాడు. చేపల మార్కెట్ నుంచి తలకాయలు, పేగులు బుట్టల్లో తెప్పించి, పొద్దున్నే ఒడ్డుకి ఆ చివర పోయించాడు. మంద అటు మళ్ళింది. యూనిట్ తీరిగ్గా ఇడ్లీలు తింది. మేనత్త నెత్తళ్ళ మాట అతను మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు ఫిల్మ్ నగర్‌లో అతన్ని రెండు పనులకీ పిలుస్తున్నారు. చలపతిరావు సినిమా విడుదలై ఏడాది దాటింది. పిలిచినందుకు డబ్బు ముట్టింది. తరిమినందుకు రావాల్సిన నలభై వేలు ఇంకా రాలేదు.