గాలి బేరగాళ్ల ఎర్ర ముక్కులు

హిల్లె పదకొండేళ్లుగా ఆకాశాలే వేస్తోంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో బార్టెల్ గారి బొమ్మల అంగడి వెనకగదిలో నలుగురు ఆడవాళ్లు బల్ల చుట్టూ కూర్చుని కాగితాల మీద అచ్చేసిన బొమ్మలకు రంగులద్దేవారు. ఒక్కొక్కరిది ఒక్కో పని. తన వంతు కాగానే కాగితం పక్కామెకు జరపాలి. ముఖాలు మాత్రం పెద్దామె యాకొమైన్‌వి. ఆ పని మీద హిల్లెకు ఎన్నాళ్లుగానో ఆశ.

1720 చలికాలం మొదట్లో కంపెనీల వాటాల ధరలు కుప్పకూలాయి. చేతిలో సరుకు లేకుండా ఒట్టి కాగితాలు కొని అమ్మే ఆ గాలి బేరాన్ని వెక్కిరించే బొమ్మలు ఎన్ని అచ్చేసినా చాలడం లేదు. తిత్తితో గాలి ఊదే ఎర్రటోపీ విదూషకుడు, ఎగిరే కాగితాల కోసం ఎగబడే దళారులు. సరిగ్గా అప్పుడే యాకొమైన్ వేళ్లు వాచాయి. వారం పాటు ముఖాలు హిల్లెకిచ్చారు.

"పాడుచేశావో, మళ్లీ ఆకాశానికే పోతావు," అంది యాకొమైన్.

"బతికుండగానే పంపేస్తావా అత్తా?"

నాలుగో రోజున ఫ్లోరిస్ అనే దళారి, ఆ బొమ్మల్లో ఒకటి చేత్తో పట్టుకుని అంగట్లోకి దూసుకొచ్చాడు.

"నన్ను ఊరందరికీ అమ్ముతున్నావా బార్టెల్? ఈ ఎర్రముక్కు ఎవరిదో దళారులు చేరే కాఫీ అంగట్లో ఎవణ్ణడిగినా చెబుతాడు!"

నిజమే, అతని ముక్కు మందారంలా ఉంది. బార్టెల్ కంగారుగా హిల్లెను పిలిచాడు. పని పోయిందనుకుంది హిల్లె.

"అయ్యా, తమ ముక్కును ఇప్పుడే చూస్తున్నాను," అంది నేల చూస్తూ. "విదూషకుడి టోపీకి పక్కామె కలిపిన ఎరుపు ఆల్చిప్పలో కాస్త మిగిలేది. ఖరీదైన రంగు, కడిగి పారబోయబుద్ధి కాలేదు. దగ్గరున్న ముక్కుకు పెట్టేశాను."

"ప్రతి దాంట్లోనూ నా ముక్కేనా?"

"లేదయ్యా. ఏది దగ్గరుంటే అది."

కట్ట తెచ్చి బల్ల మీద పరిచింది. ఒక్కో కాగితంలో ఒక్కో దళారికి ఎరుపు. ఫ్లోరిస్ గుర్రుమంటూనే తిరగేశాడు. ఐదోదాని దగ్గర ఆగి పగలబడి నవ్వాడు.

"అచ్చం మా బావమరిదే! ఇది నాకివ్వు. వాడింటి గోడకే తగిలిస్తా."

తర్వాత దళారులు వరసకట్టారు. ఎవరూ తన ముక్కు అడగలేదు, అందరికీ పక్కవాడి ముక్కే కావాలి.

"చెప్పకుండా ఎరుపు పెట్టావు. అది తప్పే," అన్నాడు బార్టెల్. "అయినా బొమ్మలన్నీ అమ్ముడుపోయాయి. ముఖాలు ఇక నీవే."

హిల్లె భయంగా యాకొమైన్ వైపు చూసింది.

"నన్నేం చూస్తావే? ఆకాశం ఇటు జరుపు. పెద్ద కుంచెతో పులిమేస్తే చాలు, నా వేళ్లకు హాయి."

కొత్త బొమ్మ వచ్చింది. హిల్లె ముఖాలు లెక్కపెట్టింది. నలభై మూడు.

"అందులో గుర్రాలు కూడా ఉన్నాయి కదే!" అంది యాకొమైన్.

"వాటి ముఖాలూ నావే," అంది హిల్లె, కుంచె తడుపుతూ.