అక్కయ్య కడుపూ, నీలి బానా

ఆ రోజుల్లో నేను బందరులో ఒక ఆసుపత్రి ప్రయోగశాలలో పని చేసేవాణ్ణి. రక్తం, కఫం, మూత్రం, మలం: ఈ నాలుగూ ఉదయం ఏడింటికల్లా నా బల్ల మీదికి వచ్చేవి. నాకు ఇరవై నాలుగేళ్ళు. రసాయన శాస్త్రం కొత్తగా చదివాను. సూక్ష్మజీవి అంటే రోగమనే నాకు తెలుసు.

నందివాడ దగ్గరి పల్లె నుంచి బావ మా అక్కయ్యను తీసుకువచ్చి నా ఇంట్లో దింపాడు. రెండు నెలలుగా రక్త విరేచనాలు. డాక్టరుగారి మందుతో పది రోజుల్లో రక్తం ఆగింది, జ్వరం పోయింది. ఒళ్ళు మాత్రం నిలవలేదు. తిన్నది తిన్నట్టే పోయేది. ఇంక తిండితోనే బలం పట్టించాలన్నారు డాక్టరుగారు. ఆ బాధ్యత నాది అన్నాను. వంటింటి గోడకు ఒక పట్టీ రాసి అంటించాను. తినవలసినవి: పాలు, కోడిగుడ్లు, మాంసం ఉడికించిన రసం, గ్లూకోజు నీళ్ళు. తినకూడనివి: ఆకుకూరలు, కాయకూరలు, పప్పులు, దంపుడు బియ్యం, చద్దన్నం. పీచున్నదేదీ లోపలికి పోకపోతే పేగులోని క్రిములు మాడి చస్తాయని నా లెక్క.

వారానికి రెండుసార్లు అక్కయ్య మూత్రం పరీక్షించేవాణ్ణి. గాఢమైన ఆమ్లం, ఇనుప లవణం ఒక చుక్క, ఆపైన క్లోరోఫారం పోసి కుదిపితే, క్లోరోఫారం నీలంగా అడుగుకు దిగుతుంది. పేగులో మాంసకృత్తులు ఎంత కుళ్ళితే అంత ముదురు నీలం. నా పట్టీ నడిచిన మూడు వారాల్లో ఆ నీలం ముదిరింది. అక్కయ్య గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. ఆమె దక్కుతుందా అన్న మాట ఎవరమూ పైకి అనేవాళ్ళం కాదు.

మా పెరటి గోడ అవతల అద్దకం పని చేసే పెద్దాయన ఉండేవారు. సీమ నుంచి రసాయన రంగులు వచ్చాక చాలామంది మానేసినా, ఆయన ఆకు నుంచి తీసిన నీలిమందుతోనే పని చేసేవారు. నేలలో మెడదాకా పాతిన బాన ఒకటి. నీలిమందు నీళ్ళలో కరగదు. బానలోని కనపడని జీవాలు దాన్ని కరిగే రూపంలోకి మారుస్తాయి. గుడ్డ పసుపుపచ్చగా పైకి వచ్చి, గాలి తగలగానే నీలమవుతుంది. రోజూ పొద్దున్నే ఆయన బాన వాసన చూసి, పైన కట్టిన రాగిరంగు మీగడ చూసి, నీళ్ళు వేళ్ళ మధ్య రాసి, చివరికి నాలుక మీద ఒక చుక్క వేసుకునేవారు. నాలుగు పరీక్షలు, ఒక్క సీసా లేకుండా. నా ప్రయోగశాలలో అంత క్రమంగా పని చేసేవాళ్ళను నేను చూడలేదు, నన్ను కలుపుకుని.

ఒకరోజు అక్కయ్యను చూడడానికి వచ్చి, కిటికీలో ఉన్న నా టెస్ట్ ట్యూబు దగ్గర ఆగిపోయారు.

"ఇది నా రంగే. మీకెక్కడిది బాబూ?"

పేగులో క్రిములు ఆహారాన్ని విరిచి ఒక పదార్థం చేస్తాయని, అది ఆయన ఆకులో ఉన్నదానికి తోబుట్టువులాంటిదని, నా మందు తగిలితే నీలమవుతుందని చెప్పాను. ఆయన ట్యూబును వెలుతురుకు ఎత్తి చూశారు.

"అంటే అమ్మాయి కడుపులోనూ బాన ఉందన్నమాట. దానికేం పెడుతున్నారు?"

పట్టీ చదివి వినిపించాను.

"ఇదంతా అమ్మాయికి. బానకేదీ?"

లోపలి నుంచి అక్కయ్య గొంతు వినిపించింది. "అడగండి మావయ్యగారూ. వాడి పట్టీలో నా ఆకలి తప్ప అన్నీ ఉన్నాయి."

బాన మందగిస్తే ఆయన పారబోయరట. తగిరిస అనే పిచ్చిమొక్క గింజలు ఉడికించి ఆ గంజి పోస్తారు, అదీ కొంచెం కొంచెంగా. జబ్బుపడ్డ బానకు ఒక్కసారే నిండా పెడితే చస్తుందన్నారు. వినగా వినగా నా తప్పు నాకు అర్థమైంది. నేను చంపాలనుకున్నవాటిలో పని చేసేవి కూడా ఉన్నాయి. వాటి కూడు పీచే. మనకు అరగనిదాన్ని పులియబెట్టి అవి ఆమ్లాలు చేస్తాయి. ఆమ్లం ఉన్నచోట కుళ్ళు సాగదు. పశువు కడుపు గురించి పరీక్షలో ఇదే రాసి మార్కులు తెచ్చుకున్నాను. మనిషికి వర్తిస్తుందని తోచలేదు.

అక్కయ్యకు పీచు పెట్టవచ్చా అని డాక్టరుగారిని అడిగాను. జ్వరం లేదు కనుక జాగ్రత్తగా పెట్టి చూడమన్నారు. మజ్జిగలో మెత్తగా పిసికిన చద్దన్నం గుప్పెడు, ఉడికించిన తోటకూర రెండు చెంచాలు. రెండోరోజుకే అక్కయ్య కడుపు ఉబ్బింది. కంచం తీసేయబోతే ఆమె చేత్తో పట్టుకుంది. గోడ మీదుగా ఆయన్ను పిలిచాను. ఆయన వచ్చి, నొప్పి ఉందా, రక్తం ఉందా, జ్వరం ఉందా అని అడిగారు. మూడూ లేవంది.

"బాన లేచేటప్పుడు ముందు నురగే వస్తుంది బాబూ. పెట్టేది పెంచకండి, తగ్గించకండి. మూడు రోజులు అంతే పెట్టండి."

అంతే పెట్టాను. నాలుగోరోజుకు ఉబ్బు దిగింది. తర్వాత గుప్పెడు రెండు గుప్పెళ్ళయింది; పొట్లకాయ, అరటిదూట, పెసరకట్టు చేరాయి. గుడ్లు నాలుగు నుంచి ఒకటికి తగ్గాయి. ట్యూబులో నీలం పలచబడుతూ వచ్చి, నెల తిరిగేసరికి కళ్ళు చికిలించి చూస్తే గాని కనపడలేదు. ఒక్క మనిషి, పదిహేను ట్యూబులు: రుజువుకు ఇవి చాలవని నాకు తెలుసు. రోజులు గడిచి తనంతట తానే కోలుకుందేమో కూడా. కాని ఏం అడగాలో ఆయనకు తెలుసు, నాకు తెలియలేదు. ఆ మాట ఆయనతోనే అన్నాను. తాను చేసిందేమీ లేదని, తిన్నది అమ్మాయేనని నవ్వేశారు.

అక్కయ్యను గుడివాడ దాకా రైల్లో తీసుకువెళ్ళాను. స్టేషను బయట బావ బండి కట్టించి, పడుకోవడానికి పరుపు వేయించి, పట్టుకుని ఎక్కించడానికి ఇద్దరు పాలేళ్ళను కూడా తెచ్చాడు. అక్కయ్య చక్రం మీద కాలు పెట్టి తనే ఎక్కి కూర్చుంది.

"ఈ పరుపు తీయించండి, కాళ్ళకి అడ్డం," అంది బావతో. "దారిలో ఎక్కడైనా తోటకూర దొరుకుతుందేమో చూడండి."