చెప్పులు విడిచి నడవమన్న అర్జీ

దస్తగిరి బేతంచెర్లలో బండలు పరిచే ఇంట పుట్టాడు. ఆ పనివాళ్ళలో ఒక రివాజు ఉంది. నేల పూర్తయిన రోజున మేస్త్రీ యజమానిని పిలిచి, చెప్పులు విడిచి గదులన్నీ నడవమంటాడు. పాదానికి ఎక్కడా అంచు తగలకపోతే అక్కడికక్కడే డబ్బు చేతిలో పడుతుంది. తగిలితే ఆ బండ లేపి మళ్ళీ పరుస్తాడు. మధ్యలో కాగితం ఉండదు.

ఒక గ్రానైటు వ్యాపారి వెంట సిడ్నీ వచ్చి, బ్లాక్‌టౌన్‌లో స్థిరపడ్డాక కూడా ఆయన ఆ రివాజు వదల్లేదు. 2001లో కెల్లీవిల్‌లో ఆరు టౌన్‌హౌసులకు టైల్స్ వేశాడు. కట్టించినవాడు చలపతి. వైటూకే రోజుల్లో కంప్యూటర్ ప్రోగ్రాములు సరిదిద్దడానికి వచ్చి, ఆ సంపాదనతో బిల్డరైన మనిషి. పని అయ్యాక వచ్చి నడవమంటే రేపన్నాడు, వచ్చే వారమన్నాడు. ఇరవై రెండు వేల డాలర్ల బిల్లు పంపితే పదో రోజున అతని నుంచి కాగితం వచ్చింది. నలభై ఒక్క టైల్స్ కింద డొల్లట, రెండు గదుల్లో ఎత్తుపల్లాలట, ఇవ్వవలసింది సున్నా అట.

ఆ డబ్బులో ఇద్దరు పనివాళ్ళ ఏడు వారాల కూలి ఉంది.

అంతకు ఏడాది ముందే చిన్న కాంట్రాక్టర్ల కోసమని అక్కడ కొత్త చట్టం వచ్చింది. కోర్టుకు పోనక్కర్లేదు. అడ్జుడికేటర్ అనే మధ్యవర్తి ఇరువైపులా రాసిచ్చింది చదివి పది పనిదినాల్లో తేలుస్తాడు. కావాలనుకుంటే స్థలానికి వచ్చి చూడవచ్చు. దస్తగిరి చెవికెక్కింది ఆ చివరి మాట ఒక్కటే.

యూనివర్సిటీలో చదివే కూతురు ఫిజా, చలపతి చెప్పిన ప్రతి తప్పుకూ జవాబుగా మూడు పేజీలు టైపు చేసింది. దస్తగిరి అంతా విని తీసెయ్యమన్నాడు.

“అబ్బా, దే వాంట్ రీజన్స్. పాయింట్ బై పాయింట్. ఫోటోలు కూడా పెట్టాలి,” అంది తండ్రితో.

“ఫోటోలో నేల మట్టం కనపడ్తాదా? ఆ దొరను ఒకసారి రమ్మను. చెప్పులిడ్సి నడ్సమను. కాలే చెప్తాది.”

“హి వోంట్ కమ్, అబ్బా.”

“వచ్చే అధికారం ఉందని నువ్వే సదివితివి గదమ్మా.”

భార్య బాను కూతురి పక్షం పట్టింది. మీరిద్దరూ ప్లీడర్లయితే నాకు బువ్వ వండేదెవరని ఆయన నవ్వేశాడు. చివరికి నాలుగు వాక్యాల అర్జీ పోయింది. అందులో ఒక వాక్యం, దయచేసి చెప్పులు విడిచి నడవండి అని.

తీర్పు పదకొండు పేజీలు వచ్చింది. ఫిజా వంటింటి బల్ల దగ్గర చదివి వినిపించింది. స్థలం పరిశీలించే అధికారం నాకుంది, కానీ దరఖాస్తుదారు అవతలివారి కారణాలకు జవాబే ఇవ్వలేదు కనుక ఆ అవసరం కనిపించలేదు అని రాశాడు అడ్జుడికేటర్. రావలసిన మొత్తం సున్నా.

అడ్జుడికేటర్ చట్టం దాటలేదు. ఈ కథ చెబుతున్న నా కోపం కూడా అక్కడే. రావచ్చు అని రాశారు గానీ రావాలి అని రాయలేదు. మోకాళ్ళ మీద పాకి బతికేవాడి కోసమని చెప్పి, బల్ల ముందు కూర్చుని రాయగలిగినవాడి చేతికిచ్చారు ఆ చట్టాన్ని. చలపతి ఆ చలికాలంలోనే ఆరు ఇళ్ళూ అమ్మేశాడు. ఒక్క టైలూ లేపి మార్చలేదు.

దస్తగిరి వ్యాను అమ్మి పనివాళ్ళకు ఇచ్చేశాడు. ఇక సొంతంగా పని పట్టే దారి లేక ఒక టైల్స్ గోడౌన్‌లో పెట్టెలు మోసే పనికి కుదిరాడు. ఆ వారమే అడ్జుడికేటర్ ఫీజు బిల్లు వచ్చింది. ఓడినందుకు మొత్తం ఆయన మీదే పడింది. గడువు అడుగుదామంది ఫిజా. ఎవరి తీర్పుకు ఎవరు కట్టాలని బాను ఏడ్చింది.

“తప్పు చెప్పినాడో ఒప్పు చెప్పినాడో, పదకొండు పేజీలు కూర్చోని రాసినాడు గదమ్మా,” అన్నాడు దస్తగిరి. “పని చేసినోని కూలి నిలపగూడదు.”

ఫిజా చెక్కు రాసింది. ఆయన సంతకం చేశాడు.