యాగంటి ఎత్తు, మూడో గేరు

కార్తీకమాసం రెండో సోమవారం, ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు, యాగంటి దారిలోని ఎత్తును మా చెల్లెలి కారు మూడో గేరులో ఎక్కింది. నా కారు రెండో గేరుకు దిగింది. దాని బండిలో అది కాక నలుగురు ఆడవాళ్లు, ఒక గంపెడు వంటపాత్రలు ఉన్నాయి. నా బండిలో నేను, నా చేతిసంచీ.

రెండూ ఒకే రకం కార్లు. మా ఆయనా, మా చెల్లెలి భర్తా ఒకే వారంలో కొన్నారు. తోడల్లుళ్లిద్దరికీ వేగం పిచ్చి. నంద్యాలలో ఒకే షెడ్డులో రెండు ఇంజన్లూ విప్పించి, పెద్ద కార్బురేటర్లు పెట్టించి, హెడ్డు చెక్కించి కంప్రెషన్ పెంచారు. ఇంజన్ చుట్లు చూపించే మీటరు మాత్రం మా ఆయన నా కోసం అదనంగా బిగించాడు, అంకెలంటే నాకు ఇష్టమని. ఇప్పుడు ఇద్దరూ లేరు. నేను నంద్యాలలో నా కారు నడుపుకుంటున్నాను, అది ఆళ్లగడ్డలో దాని కారు నడుపుకుంటోంది. ఇన్నేళ్లలో ఒక బండి ఎక్కిన ఎత్తును రెండోది అదే గేరులో ఎక్కకపోవడం ఆ సోమవారమే జరిగింది.

కొండ దగ్గర బండి ఆపేసరికి చెల్లెలు అప్పటికే కొబ్బరికాయలు కొంటోంది.

"ఏందక్కా, వెనకబడితివి? టైరు పోయిందేమో అనుకుంటిమి."

"రెండో గేరు వేయాల్సి వచ్చింది."

"అయ్యో, నాకు గేరు మార్చేది గుర్తే రాలే." దాని పక్కింటామె నా కారు వైపు చూసి, "మీయక్క బండి శానా మూలుగుతాండాది, ముసిల్దైపోయిందేమో" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వినట్టు ముఖం పెట్టాను.

"బండికి ఏం చేయించినావే?" అని అడిగాను.

"క్యామ్‌షాఫ్ట్ రుద్దించినా. బెంగళూరాయన. ఏందో అడిగినాడు, ఏందో పంపినా, ఏందో చేసినాడు. నాకేం తెలుసక్కా అవన్నీ?"

చిన్నప్పటి నుంచీ దాని వరస ఇంతే. నేను పొడి కొలిచి, నీళ్లు కొలిచి చారు పెడతాను. అది చేతికొచ్చినంత వేస్తుంది. మా నాయన దాని చారే రెండోసారి పోయించుకునేవాడు. ఈ వయసులో చారు సంగతి రాయడం సిగ్గుగానే ఉంది, కానీ ఆ రోజు గుడి మెట్ల దగ్గర నాకు గుర్తొచ్చింది అదే.

మరుసటి రోజు, నా బండికీ అదే చేయించాలని, మా మెకానిక్ దగ్గరికి పోయాను. మా ఆయన ఉన్నప్పటి నుంచీ ఈ బండిని చూసేది ఆయనే. నాలుగు రోజుల తర్వాత క్యామ్‌షాఫ్ట్ బయటికి తీసి, నూనె తుడిచి, పాత పేపరు మీద పెట్టి చూపించాడు. మూర కన్నా కొంచెం పొడుగున్న ఇనుప కడ్డీ. దాని మీద కోడిగుడ్డు కొనలాంటి ఎనిమిది ఎత్తులు. కడ్డీ తిరిగేటప్పుడు ఒక్కో ఎత్తు ఒక్కో వాల్వును నెట్టి తెరుస్తుంది. ఆ కొన వెడల్పుగా ఉంటే వాల్వు ఎక్కువసేపు తెరుచుకుని ఉంటుంది, అప్పుడు ఇంజన్ వేగంగా తిరిగేటప్పుడే సత్తా చూపిస్తుంది, నిదానంలో నీరసపడుతుంది. సన్నగా ఉంటే నిదానంలో బాగా లాగుతుంది. ఎంతసేపు తెరిచి ఉండాలో డిగ్రీల్లో చెబుతారు. మనం వాడే తీరును బట్టి ఆ కొనలను కొత్త ఆకారానికి రుద్దుతారు.

"అమ్మా, ఒక మాట," అన్నాడు మెకానిక్. "రుద్దితే ఇనుము తగ్గడమే గానీ పెరగడం ల్యా. లెక్క తప్పితే ఇది పోయినట్టే. ఈ బండికి ఇంకోటి యాడా దొరకదు. కర్నూలు దాకా అడిగినా."

"దొరక్కపోతే?"

"బండిని షెడ్డులో పెట్టి గుడ్డ కప్పేదే."

మా ఆయన చేతి గుర్తులు ఇంట్లో ఇంకేం మిగల్లేదు. చొక్కాలు ఇచ్చేశాను, కళ్లజోడు కూడా ఇచ్చేశాను. ఉన్నది ఈ బండి ఒక్కటే.

మెకానిక్ నంబరు కనుక్కుని అడిగిస్తే, బెంగళూరాయన నా ఫోనుకు ఒక ఫారం పంపాడు. ప్రశ్నలు తొమ్మిది. నేను వాటిని కాగితం మీద ఎత్తి రాసుకుని, ఒక్కోదానికి జవాబు రాశాను. కారు బరువు మెకానిక్ అంతకుముందే రైసుమిల్లు కాటా మీద తూకం వేయించాడు. కార్బురేటర్ సైజు, కంప్రెషన్, గేర్ల పళ్లు, వెనక టైరు చుట్టుకొలత, అన్నీ కొలిచి రాసినవే. ఎనిమిదో ప్రశ్న: ఇంజన్ ఎక్కువసేపు నిమిషానికి ఎన్ని చుట్ల మధ్య తిరుగుతుంది?

దానికి జవాబు నా దగ్గర ఉంది. మా ఆయన మీటరు బిగించిన రోజు నుంచీ ప్రతి ప్రయాణం నోటుబుక్కులో రాస్తున్నాను. ఏ ఊరి దగ్గర ఏ గేరు, ఎన్ని చుట్లు, ముందు ట్రాక్టరుందా లారీ ఉందా. మా గేటు నుంచి చెల్లెలి గేటుకు నలభై మూడున్నర కిలోమీటర్లు. ఈ దారిలో గానీ, కోయిలకుంట్ల దారిలో గానీ నా బండి పద్దెనిమిది వందలకూ ముప్పై రెండు వందలకూ మధ్యే తిరుగుతుంది. ఆ పైకి పోయేది లారీని దాటేటప్పుడు మాత్రమే.

నేను మూడు వేల నుంచి అయిదున్నర వేలు అని రాశాను.

ఎందుకు రాశానో దాచుకోను. చుట్లు ఎక్కువ రాస్తే డిగ్రీలు ఎక్కువ పెడతాడు. చెల్లెలు ఏదో పెద్ద అంకే అడిగి చేయించి ఉంటుంది, దాని కంటే పెద్దది నాకు కావాలి అనుకున్నాను. పక్కింటామె నవ్వు చెవిలో ఉంది. ముప్పై ఒక్క ఏళ్లు విత్తనాలు పరీక్షించే చోట పనిచేశాను. తడిగుడ్డలో నూరు గింజలు పరిచి, ఎన్ని మొలిచాయో లెక్కపెట్టి రాయడం నా పని. ఒకసారి ఒక వ్యాపారి సరుకు ఒకే ఒక్క గింజతో తప్పింది. "ఒక్క గింజమ్మా, ఒక్కటి" అని వాకిట్లో నిలబడి బతిమాలాడు. నేను రాయలేదు. అలాంటిదాన్ని, మధ్యాహ్నం భోజనం చేసి, చేయి కడుక్కుని, ఆ అంకె రాశాను. కాగితం మడిచి, కడ్డీతో పాటు పెట్టెలో పెట్టి, శుక్రవారం బెంగళూరు బస్సు పార్శిల్‌లో వేయించాను.

ఆ తర్వాత రెండు రోజులు బాగానే ఉన్నాను. ఆళ్లగడ్డలో చెల్లెలి గేటు ముందు బండి ఆపి గుర్రుమనిపిస్తే అది వంటింట్లోంచి పరుగెత్తుకు వస్తుందని మనసులో చూసుకున్నాను కూడా. మూడో రోజు నుంచి మెకానిక్ అన్న గుడ్డ కప్పే మాట గుర్తొచ్చేది. బెంగళూరాయనకు నిజం చెబుదామని ఫోను రెండుసార్లు తీసి పెట్టేశాను. చెబితే చెల్లెలిదే పైచేయి అవుతుంది.

బుధవారం పదకొండు గంటలకు బెంగళూరాయనే ఫోను చేశాడు.

"అమ్మా, నంద్యాల పార్శిల్ మీదే కదా? ఇంకా మిషన్ మీద పెట్టలేదు. ఒక అనుమానం వచ్చింది. మీరు ఏడు అంకెకు నడుమ గీత కొడతారా?"

"కొడతాను. లేకపోతే ఒకటిలా కనిపిస్తుంది."

"అనుకున్నా. పోయిన ఎండాకాలం ఆళ్లగడ్డ నుంచి ఒకమ్మ ఇదే రకం బండికి చేయించింది. ఫారం నింపండి అంటే నింపలేదు. ఒక నోటుబుక్కుకు ఫోటోలు తీసి పద్నాలుగు పంపింది. ఏ ఊరి దగ్గర ఎన్ని చుట్లు, ఏ గేరు, అన్నీ. ముప్పై ఏళ్లుగా ఈ పని చేస్తున్నా, అంత శుభ్రమైన లెక్క నాకు ఎవరూ పంపలేదమ్మా. ఎవరు రాసినారంటే 'మా ఇంజనీరు' అనింది. అందులోనూ ఏడుకు గీత ఉంది. మీరేనా ఆ ఇంజనీరు?"

ఉగాదికి చెల్లెలి ఇంట్లో నోటుబుక్కు మరిచిపోయి వచ్చాను. రెండు రోజుల తర్వాత పోయి తెచ్చుకున్నాను, ఫ్రిజ్జు మీద ఉండింది. ఆ రెండు రోజులకు పేజీ ఖాళీగా వదిలాను కాబట్టి బాగా గుర్తు.

యాగంటి ఎత్తును మూడో గేరులో ఎక్కింది నా లెక్క. ఎక్కించుకుని పోయింది చెల్లెలు.

"నేనే," అన్నాను.

"అయితే చెప్పండి. ఆ బుక్కు ప్రకారం బండి ముప్పై రెండు వందలు దాటేది తక్కువ. మీ ఫారంలో మూడు వేల నుంచి అయిదున్నర వేలు అని ఉంది. ఏది నిజం? ఫారం ప్రకారం రుద్దితే రెండు వందల ఎనభై నాలుగు డిగ్రీలకు పోవాలి. ఆ బండి స్పీడుబ్రేకరు దగ్గరల్లా ఆగిపోతుంది. ఎత్తు వస్తే ఒకటో గేరే."

ఎనభై నాలుగు. చెల్లెలు వినాల్సిన అంకె అది. నోటుబుక్కు దగ్గరికి లాక్కున్నాను.

"బుక్కే నిజం," అన్నాను.

"ఫారంలో పొరపాటు పడిందా?"

"పొరపాటు కాదు. కావాలనే రాసినాను. ఆళ్లగడ్డ ఆమె మా చెల్లెలు."

అవతల ఆయన చిన్నగా నవ్వాడు. "నాకూ ఒక తమ్ముడు ఉండాడులేమ్మా, పక్క వీధిలో ఇదే మిషన్ పెట్టినాడు" అన్నాడు. తర్వాత లెక్క చూసుకుని చెప్పాడు. "ఆయమ్మ బండిలో శనగ మూటలు వేస్తుందంట. మీరు బరువు వేయరు. అందుకని మీ రెండు బండ్లకూ రెండు డిగ్రీలు తేడా పెడతా."

"ఎవరికి ఎక్కువ?"

"మీకే. రెండు వందల యాభై నాలుగు."

నోటుబుక్కులో, పేజీ మధ్యలో, దిద్దుళ్లు లేకుండా రాసుకున్నాను.

కడ్డీ తొమ్మిది రోజులకు తిరిగి వచ్చింది. మెకానిక్ బిగించి, వాల్వులు సరిచేసి, తాళం చేతికిస్తూ నవ్వాడు. "రెండు డిగ్రీలు మనిషికి ఏం తెలుస్తాదమ్మా? మీటరుకు కూడా తెలీదు." ఆ మాట నోటుబుక్కులో రాసుకోలేదు.

మామూలుగా పోయే ఆదివారం దాకా ఎందుకని గురువారమే ఆళ్లగడ్డకు పోయాను. చెల్లెలు గేటు దగ్గరే ఉంది, చేటలో శనగలు చెరుగుతూ.

"ఉగాదికి నా బుక్కు నీ దగ్గర రెండు రోజులు ఉండింది," అన్నాను, ఇంకా బండి దిగకుండానే.

"ఉండింది. ఫోటోలు తీసినా. చెప్పలే?"

"చెప్పలేదు."

"చెప్తే ఇచ్చేదానివా?"

నేను తాళం తీసి బండి దిగాను.

"చూసినావా! నీ మాదిరి రాసేది నాకు యాడ చేతనయితాది? బెంగళూరాయనకు ఇంజనీరని చెప్పినా నిన్ను. ఇంకేం గావాల నీకు?" చేట గోడ మీద పెట్టి, చేతులు చీరకు తుడుచుకుని తాళం కోసం చేయి చాచింది. ఇచ్చాను. నేను పక్క సీట్లో కూర్చున్నాను.

చాగలమర్రి రోడ్డు మీద ఆరు కిలోమీటర్లు పోయి తిరిగొచ్చాం. పోయేటప్పుడు అది వాగుతూనే ఉంది. వచ్చేటప్పుడు, ఒక లారీని మూడో గేరులోనే దాటాక, మాట ఆపేసింది. మళ్లీ ఇంటి గేటు ముందు బండి ఆపి, స్టీరింగ్ మీద నుంచి చేతులు తీయకుండా కూర్చుంది.

"అక్కా, నీది నా దానికన్నా బాగా లాగుతాండాదే."

"అట్లనా?"

"అట్లనే. నాకు తెలీదా నా బండి? ఎన్ని డిగ్రీలు నీది?"

అరవై ఏళ్లలో అది నన్ను ఒక అంకె అడగడం ఇదే మొదలు. "నీది ఎంత?" అన్నాను.

"ఏందో కార్డు ఇచ్చినాడు. యాడ పారేసినానో." నా ఒళ్లో ఉన్న నోటుబుక్కు వైపు చూసింది. డిగ్రీలు రాసిన పేజీయే తెరిచి ఉంది, కిలోమీటర్లు రాస్తున్నాను. చెల్లెలు చీర కుచ్చిళ్ల దగ్గర దోపిన ఫోను తీసింది. "ఏదీ, ఇట్లా చూపీ. ఒక్క ఫోటో."

నేను పేజీ మీద అరచేయి పరిచి, రెండో చేత్తో పెన్నుకు మూత పెట్టాను.

"కాఫీ పెట్టుపో," అన్నాను.