అమ్మ ఒప్పుకున్న తప్పు

తార్నాకలో మేముండే అపార్ట్‌మెంట్ వెనక సందులో ఒక బైండింగ్ షాపుంది. యూనివర్సిటీ పిల్లలు థీసిస్ కాగితాలు పట్టుకొచ్చి, సాయంత్రానికల్లా కావాలని తొందరపెడుతూ దాని ముందు నిలబడి ఉంటారు. మొన్న అమ్మ బైబిలు కుట్లు ఊడిపోతే అట్ట వేయిద్దామని పట్టుకెళ్లాను. షాపతను డబ్బా మూత తీశాడో లేదో, ఉడికించిన మైదా జిగురు వాసన, పురుగు పట్టకుండా అందులో కలిపే మైలుతుత్తం ఘాటుతో కలిసి ముక్కుకు తగిలింది. బైబిలు బల్ల మీద పెట్టి ఎందుకు వచ్చానో చెప్పడం మరిచిపోయాను. అది మా నాన్న చేతుల వాసన.

నాన్న యూనివర్సిటీ లైబ్రరీలో చిరిగిన పుస్తకాలకు అట్టలు వేసేవాడు. పెద్దగా చదువుకోలేదు గానీ ఏ పుస్తకాన్నీ విసురుగా తెరిచేవాడు కాదు. మనుషుల దగ్గర కూడా అంతే, ఎవరి ముందూ గొంతు లేపగా నేను చూడలేదు. క్యాంపస్‌లో చిన్న ఉద్యోగులకు ఇచ్చే క్వార్టర్స్‌లో మాకు రెండు గదులు, ఒక వసారా, వెనక మనిషెత్తు గోడ. ఆ గోడకు అవతల అట్లాంటివే ఇంకో రెండు గదులు. ఎండాకాలం సెలవుల్లో హాస్టళ్లు ఖాళీ అయిపోతే ఆ దారులన్నీ మా పిల్లలవే. తురాయి పూల మొగ్గలు విప్పి, లోపలి కేసరాలను ఒకదానికొకటి మెలేసి లాగి ఎవరి తల తెగితే వాళ్లు ఓడినట్టని ఆడుకునేవాళ్లం. వానలు పడితే బండల మధ్య నిలిచిన నీళ్లలో కప్ప పిల్లల్ని పట్టేవాళ్లం. దసరాకు ముందు సీతాఫలాలు కోసుకొచ్చి బియ్యం డబ్బాలో దాచి, పండాయో లేదోనని పూటకోసారి నొక్కి నొక్కి నల్లగా చేసేవాళ్లం. డిసెంబరులో అమ్మ గర్జెలు, అంటే కజ్జికాయలు, చేస్తుంటే, వేగుతున్న నూనె, కొబ్బరి, యాలకుల వాసనకు క్వార్టర్స్ పిల్లలంతా మా గుమ్మంలోనే ఉండేవాళ్లు.

ఆదివారం మాత్రం వేరే లోకం. తార్నాక మెయిన్ రోడ్డు వెనక రేకుల హాలు మా సంఘం. మగవాళ్లు ఒక వైపు చాపల మీద, ఆడవాళ్లు ఇంకో వైపు. ఎదురుగా గోడ మీద నీలం రంగుతో రాసిన ఒకే ఒక్క మాట, 'విడుదల'. మా పాస్టరుగారిని అందరూ అయ్యగారనేవాళ్లు. సైకిలు మీద మెట్టుగూడ నుంచి గోల్నాక దాకా తిరిగి ఎవరింట్లో జ్వరమున్నా వచ్చి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసే మనిషి. ఆ హాలుకు ఇటుకలు కూడా తానే మోశాడని నాన్న చెప్పేవాడు. ఆయన విడుదల గురించి చెప్తుంటే ముసలివాళ్లు కళ్లు తుడుచుకునేవాళ్లు. ఆ తర్వాత ప్రకటనలు చదివేవారు. బొట్టు వద్దు, పూలు వద్దు, సినిమా వద్దు, పక్కింటి ప్రసాదం ముట్టొద్దు. గోడ మీది మాట చూస్తూ, ఆ జాబితా వింటూ నేను చాప పుల్లలు ఒక్కొక్కటే పీకుతూ కూచునేదాన్ని. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపేది. కాసేపటికి మళ్లీ మొదలు.

గోడకు అవతలి ఇల్లు లక్ష్మి చిన్నమ్మది. మాకు చుట్టం కాదు, పిలుపు అట్లా కుదిరింది. ఆమె భర్త హాస్టల్ మెస్సులో వంటమనిషి. చిన్నమ్మ గొంతు ఎంత పెద్దదంటే, బతుకమ్మ రోజుల్లో క్వార్టర్స్ ముందున్న ఖాళీ జాగాలో ఆమె పాట ఎత్తుకుంటే, లైబ్రరీ నుంచి వచ్చే నాన్న మలుపు దగ్గరే సైకిలు దిగి నడుచుకుంటూ వచ్చేవాడు. మేం చూడొచ్చు గానీ ఆడకూడదు. నేను వసారా స్తంభాన్ని పట్టుకుని, పాదాలు మాత్రం వాళ్లతో కలిపి కదుపుతూ ఉండేదాన్ని.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఆ ఎండాకాలంలో చిన్నమ్మ భర్త పోయాడు. గుండెనొప్పి అన్నారు. పిల్లలు లేరు. దసరా దగ్గరపడి బతుకమ్మ మొదలయ్యేసరికి ఆమెను ఎవరూ పిలవలేదు. ఏడాది తిరగని ఇల్లు, పైగా భర్త పోయిన మనిషి. పాట వేరేవాళ్లు ఎత్తుకున్నారు. చప్పట్లు వినపడగానే గోడ అవతల ఏడుపు మొదలయ్యేది. గట్టిగా కాదు, కొంగు నోట్లో కుక్కుకుని ఏడిస్తే వచ్చే చప్పుడు. అమ్మ గిన్నెలు తోముతూ ఆపేసి గోడ దాకా వెళ్లేది. అక్కడ నిలబడేది. మళ్లీ వచ్చి తోమిన గిన్నెనే తోమేది. ఎనిమిది రోజులూ అదే. నాన్న ఒకటి రెండుసార్లు, "మనం పోవద్దు శాంతా, అయ్యగారికి తెలిస్తె బాగుండది" అన్నాడు.

తొమ్మిదో రోజు, అందరూ పెద్ద బతుకమ్మ ఆడే రోజు, మధ్యాహ్నం అమ్మ నా చేతికి సంచి ఇచ్చింది. "నడువు, తంగేడు పూలు తెద్దాం" అంది. నాకు నమ్మబుద్ధి కాలేదు. హాస్టళ్ల వెనక బండల దగ్గరికి పోయేసరికి అప్పటికే చెట్లన్నీ దులిపేసి ఉన్నాయి. ముళ్ల చాటున ఎవరికీ అందకుండా మిగిలిపోయిన పూలు, కొంచెం గునుగు, ఎవరింటి ముందో అడుక్కున్న నాలుగు బంతి పూలు. అమ్మ చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, చేతులు గీరుకుపోతున్నా కోస్తూనే ఉంది. అంత తొందరగా ఆమె ఏ పనీ చేయగా నేను చూడలేదు.

చిన్నమ్మ వెనక వాకిట్లో గోడకు ఆనుకుని కూచుని ఉంది.

"ఏంది శాంతక్కా గివి?"

"పూలు. నాకు పేర్చరాదు. నువ్వు పేర్చు."

"నాకు ఏడాది తిరగలే. ముట్టొద్దంటరు."

"నన్ను గూడ వద్దనే అంటరు. ఇద్దరం ముట్టుదాం."

చిన్నమ్మ సంచి విప్పి చూసింది. తర్వాత లేచి ఇత్తడి పళ్లెం తెచ్చింది. జానెడు ఎత్తు కూడా రాలేదు ఆ బతుకమ్మ. ముగ్గురమే దాని చుట్టూ తిరిగాం. మొదటి పాటకు చిన్నమ్మ గొంతు రెండుసార్లు తెగింది, మూడోసారి నిలబడింది. అమ్మకు పాట రాదు, వంత మాత్రం అందుకునేది. అడుగు ఎప్పుడూ ఆలస్యమే. నేను మాత్రం ఒక్క అడుగు తప్పలేదు, ఎన్నో ఏళ్లుగా స్తంభం పట్టుకుని నేర్చుకున్నాను కదా. చివరికి బతుకమ్మను వాకిట్లోని సిమెంటు తొట్టిలోనే వదిలాం. చిన్నమ్మ బెల్లం సత్తుపిండి ముద్ద నా చేతిలో పెట్టింది. అమ్మ వైపు చూశాను. "తిను" అంది.

ఆదివారం సండేస్కూల్లో రూతక్క, అడిక్‌మెట్‌లో గది తీసుకుని ఎమ్మే చదువుతున్న అమ్మాయి, ఒక ప్రశ్న వేసింది. ఈ వారం ఇంట్లో ఎవరైనా ప్రేమతో చేసిన పని ఒకటి చెప్పాలి. బాగా చెప్పినవాళ్లకు అంచులు బంగారు రంగులో మెరిసే బైబిలు వాక్యం కార్డు ఇస్తుంది. నేనే ముందు లేచాను. అమ్మ పూలు కోయడం చెప్పాను. బతుకమ్మ అనే మాట రాగానే రూతక్క ముఖం మారింది. ఆ మార్పు నేను చూశాను. చూసి కూడా ఆగలేదు. గది మొత్తం నావైపే చూస్తోంది, అది నాకు బాగుంది. తిరిగిన అడుగులు, తొట్టి, సత్తుపిండి, అన్నీ చెప్పాను. కార్డు ఇవ్వకుండానే ఆమె వేరే పిల్లవాడిని అడిగింది.

బుధవారం అయ్యగారు ఇద్దరు సంఘ పెద్దల్ని తీసుకుని మా ఇంటికొచ్చారు. నాన్న కుర్చీలు వేసి తను నిలబడ్డాడు.

"శాంతమ్మా, పోయినవా?"

"పోయిన అయ్యగారూ."

ఆయన కోపంగా అనలేదు. ఎంతో నొప్పి పడుతున్నట్టు అన్నారు. "ఊళ్లె మనల్ని యాడ నిలబెట్టిన్రో మర్శిపోయినవా బిడ్డా? మీ అమ్మ ఏ బాయిల నీళ్లు తాగలేకపోయిందో? గా ముళ్ల కంపలకెల్లి బయటికొచ్చినం. మళ్ల అటు కాలు పెడితె, మనకు దొరికిన విడుదలకు అర్థమేమున్నది? ఆదివారం సంఘం ముందల తప్పు ఒప్పుకో. లేకుంటె బల్లకు రానియ్యం."

నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధనను మేం బల్ల అనేవాళ్లం. దానికి దూరం పెట్టడమంటే కుటుంబంలోంచి తీసేసినట్టే. వాళ్లు వెళ్లాక నాన్న వసారాలో అటూ ఇటూ తిరిగాడు. "ఒక్క మాటనే శాంతా. అనేస్తె అయిపోతది. రేపు చావుకైనా పెండ్లికైనా సంఘం గాక మనకెవరున్నరు?" అన్నాడు. నేను తలుపు చాటు నుంచి బయటికొచ్చి, చెప్పింది నేనే అన్నాను. అమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది. "నువ్వు అబద్ధమేం చెప్పలే గద బిడ్డా. మంచిగనిపించింది, చెప్పినవ్" అంది. రూతక్క ముఖం మారడం చూసి కూడా ఆగలేదని ఆమెకు చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ చెప్పలేదు.

ఆదివారం అమ్మ తెల్లచీర కట్టుకుంది. అయ్యగారు పేరు పిలవగానే లేచి, కొంగు తల మీదికి లాక్కుని ముందుకు వెళ్లింది. లేచి పారిపోవాలనిపించింది, చాప పుల్లలు పీకుతూ కూచున్నాను.

"నేను లక్ష్మింటికి పోయిన," అంది అమ్మ. "పూలు నేనే తెచ్చిన. గా పని తప్పని నోటితోటి అంటె అబద్ధమైతది, అందుకే అంటలేను. నాది వేరే తప్పున్నది. గోడ అవతల ఆమె ఎనిమిది రోజులు ఏడ్శింది. నాకు వినబడ్డది. నేను పోలే. దేవునికి భయపడి కాదు, మీకు భయపడి. గా ఎనిమిది రోజులకు నన్ను క్షమించమని ప్రభువును అడుగుతున్న. మీరు గూడ నాకోసం ప్రార్థన చెయ్యుండ్రి."

వచ్చి నా పక్కన కూచుంది. ఆమె చెయ్యి చల్లగా ఉంది. ఎవరూ ఆమెన్ అనలేదు. అయ్యగారు బైబిలు మూసి, తెరిచి, పాట నంబరు చెప్పారు.

రొట్టె పళ్లెం ఆడవాళ్ల వైపు వచ్చినప్పుడు, పంచే పెద్దమనిషి అమ్మ ముందు ఆగకుండా పక్కామెకు అందించాడు. అమ్మ తల దించుకోలేదు, ఎత్తలేదు, చేతులు ఒళ్లో పెట్టుకుని అలాగే ఉంది. పళ్లెం మగవాళ్ల వైపు వెళ్లింది. నాన్న దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. ఒక్క క్షణం దాంట్లోకి చూశాడు. ఏమీ తీసుకోకుండా పక్కాయనకు ఇచ్చేశాడు. ఎవరి మాటకూ ఎదురు చెప్పని నాన్న.

మర్నెల బల్ల రోజున కూడా ఇద్దరూ ముట్టలేదు. క్రిస్మస్‌కు గర్జెలు చేశాం, సంఘం వాళ్లు పెద్దగా రాలేదు, లక్ష్మి చిన్నమ్మ వచ్చి పిండి ఒత్తింది. ఒక ఆదివారం రూతక్క వచ్చి మా చాప మీద కూచుంది. పళ్లెం తన దాకా వస్తే పక్కకు జరిపింది. ఏడుస్తోందని ముక్కు చీదుకోవడం వల్ల తెలిసింది. అమ్మ తన రుమాలు ఇచ్చింది.

నాలుగో నెలలో అయ్యగారు పళ్లెం పెద్దమనిషి చేతికివ్వలేదు. తానే దిగి వచ్చారు. మోకాళ్ల నొప్పులాయనకు, అయినా చాప దగ్గర వంగి అమ్మ ముందు పట్టుకున్నారు. "తీస్కో తల్లీ" అన్నారు. క్షమించాననీ అనలేదు, క్షమించమనీ అనలేదు. అమ్మ అటువైపు నాన్నను చూసింది. నాన్న తలూపాడు. అప్పుడు తీసుకుంది.

ఇంటికి నడుస్తుంటే నాన్న, "మొత్తానికి అయ్యగారు మనసు మార్చుకున్నడు" అన్నాడు ఊపిరి పీల్చుకుని. "ఆ బల్ల ఆయనది కాదు గద," అంది అమ్మ. "ఆయన గూడ మనలెక్కనే వచ్చి కూసునేటోడు." నాలుగడుగులు వేశాక, "పాపం, మోకాళ్లు చానా నొచ్చినట్టున్నయ్" అంది.

ఏడాది తిరిగాక చిన్నమ్మను అందరూ పిలిచారు, పాట మళ్లీ ఆమే ఎత్తుకుంది. అమ్మ వసారాలో నిలబడి చప్పట్లు కొట్టింది. ప్రకటనల జాబితా మాత్రం చాలాకాలం చదువుతూనే ఉన్నారు.

ఇప్పుడా క్వార్టర్స్ లేవు. అక్కడ అద్దాల బిల్డింగు ఒకటి లేచింది. రేకుల హాలు జాగాలో మూడంతస్తుల మందిరం, తెరల మీద పాటలు, ఏసీ. అయ్యగారు పోయారు, అమ్మా నాన్నా పోయారు, చిన్నమ్మ ఊరికి వెళ్లిపోయిందన్నారు, ఆ తర్వాత తెలియదు. ఇప్పుడు ఎవరినీ నిలబెట్టి అడగరు. పూలు పెట్టుకుని వెళ్తాను, ఎవరూ చూడరు. నాలుగు వారాలు వెళ్లకపోతే ఫోనుకు ఒక మెసేజ్ వస్తుంది, అది అందరికీ వచ్చేదే. నేను ఎన్ని మందిరాలు మారానో నాకే లెక్క లేదు. ఎక్కడా వెన్ను ఆనించి కూచోలేను. మనుషుల భయం పోయిందనుకుంటాను. దానితోపాటు మనుషులు కూడా పోయారేమోనని మళ్లీ అనుకుంటాను.

మా ఎదురు ఫ్లాట్‌లో ఒకావిడ ఒక్కతే ఉంటుంది. నేమ్‌ప్లేట్ మీది పేరు తప్ప ఏమీ తెలియదు. నెల రోజులుగా పాల ప్యాకెట్లు మధ్యాహ్నం దాకా తలుపు ముందే ఉంటున్నాయి. ఈ ఆదివారం ఆరాధనకు బయల్దేరి లిఫ్టు బటను నొక్కాను. లిఫ్టు వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. వెనక్కి తిరిగి ఆవిడ ఇంటి బెల్లు కొట్టాను. ఏం మాట్లాడాలో ఇంకా తేల్చుకోలేదు. లోపల చెప్పుల చప్పుడు మెల్లగా దగ్గరికి వస్తోంది.